తోట షెడ్డులో కాఫీ పొడి గడ్డకట్టకుండా ఉంచుకోవడం ఎలా

తోటలోనో చేలోనో షెడ్డు ఉన్నవాళ్లకి ఇది తెలిసిన గోలే. మే నెలలో కొత్త కాఫీ సీసా తెచ్చి పెడతాం. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడేసరికి పొడి నల్లబడి, సీసా అంచులకి అంటుకుపోయి, స్పూనుతో పొడిస్తే తప్ప ఊడిరాని గడ్డ అయి కూర్చుంటుంది. అప్పుడు అందరం షెడ్డునే తిడతాం, రేకుల షెడ్డు కదా, నెమ్ము కదా, ఇంతేలే అని. నా లెక్కలో షెడ్డు తప్పు సగం కూడా లేదు. సీసా ఎంత పెద్దది, దాని మూత రోజుకి ఎన్నిసార్లు తీస్తున్నాం, తీసి ఎంతసేపు అలా వదిలేస్తున్నాం అన్నదే అసలు సంగతి. అక్కడ జాగ్రత్త పడితే తాటాకు పాకలో కూడా కాఫీ బాగానే ఉంటుంది.

కోనసీమ, కృష్ణా డెల్టా లాంటి చోట్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. వానాకాలంలో అక్కడ గాలే తడిగా ఉంటుంది, ఆరేసిన తువ్వాలు మర్నాటికి కూడా ఆరదు. నెల్లూరు వైపు ఈ అవస్థ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఎక్కువ. అనంతపురం లాంటి చోట్ల గడ్డకట్టడం తక్కువే గానీ అక్కడ ఎండ పాడుచేస్తుంది, వాసన పోయి పొడి చప్పబడిపోతుంది. ఇంకో మాట, ఇదంతా ఇన్‌స్టంట్ పొడి గురించే. ఫిల్టర్ కాఫీ పొడిని షెడ్డులో పెట్టుకోవద్దు, దాన్ని ఎంత పొడిగా ఉంచినా గాలి తగిలితే చాలు, వాసన పోగొట్టుకుంటుంది.

గడ్డ ఎందుకు కడుతుంది

ఇన్‌స్టంట్ కాఫీ అంటే ఆరబెట్టిన డికాక్షన్, అంతే. ఫ్యాక్టరీలో చిక్కటి డికాక్షన్‌ని ఎత్తయిన టవర్ లోపల వేడిగాలిలోకి చిమ్ముతారు, తుంపర్లు కింద పడేలోపు ఆరిపోయి పొడి అవుతాయి. ఖరీదైన రకాన్ని అయితే ముందు మంచుగడ్డలా గడ్డకట్టించి, వాక్యూమ్‌లో పెట్టి ఆ మంచుని నేరుగా ఆవిరిగా లాగేస్తారు, పలుకులు పలుకులుగా లేత రంగులో ఉండేది అదే. ఇదేదో ఎక్కడో విదేశాల్లో జరిగే పని అనుకోకండి. పసుపు మార్కెట్‌కి పేరున్న మన దుగ్గిరాలలోనే సీసీఎల్ అనే కాఫీ కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ 1990ల నుంచి ఇన్‌స్టంట్ కాఫీ చేస్తోంది, చాలా దేశాలకి అక్కడి నుంచి సరుకు వెళ్తుంది.

ఏ పద్ధతిలో చేసినా చివరికి పొడిలో మిగిలే నీరు చాలా తక్కువ, మన ఆహార ప్రమాణాల ప్రకారం 4 శాతం దాటకూడదు. అంత పొడిగా ఉన్నది తడిగాలిలోకి వస్తే ఊరుకోదు, దొరికిన చెమ్మనంతా లాక్కుంటుంది. ముందు ప్రతి రేణువు పైపొర జిగురు అవుతుంది, తర్వాత పక్కపక్క రేణువులు అంటుకుంటాయి, ఆ పైన మళ్లీ కాస్త ఆరితే రాయి. వేడి ఎక్కువైతే ఈ జిగురు ఇంకా తొందరగా వస్తుంది. అందుకే వాన వెలిసి ఎండ కాసే మధ్యాహ్నాలు, ఉక్కపోతకి మనమే తట్టుకోలేని ఆ పూటలు, కాఫీ సీసాకి అన్నిటికన్నా చెడ్డవి.

కొనేటప్పుడే ఒకటి చూడండి. ప్యాకెట్ మీద కాఫీ ఎంత, చికోరీ (ఒక మొక్క వేరుని వేయించి చేసే పొడి) ఎంత అని రాసి ఉంటుంది. చికోరీ 49 శాతం దాకా కలపడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. పాలలో చిక్కగా, కాస్త చేదుగా దిగుతుందని మన ఇళ్లలో చాలామందికి ఆ రకమే ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ చికోరీ కలిసిన పొడి చెమ్మని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ముద్ద కూడా ముందు అవుతుంది. ఇంట్లో ఏది తాగినా సరే, వానాకాలంలో షెడ్డుకి మాత్రం చికోరీ లేని పలుకుల రకం కొనుక్కోండి, సగం తలనొప్పి తగ్గుతుంది.

ముందు షెడ్డు సంగతి చూసుకోండి

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొంటే కొనండి. అది లేకపోయినా ఇంట్లో వాడే మెత్తటి ఉప్పు సరిపోతుంది. పొడి సాసరులో చిటికెడు ఉప్పు పలచగా పరిచి, కాఫీ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో అక్కడే రాత్రంతా ఉంచండి. ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీళ్లు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. పొద్దున్నకి ఉప్పు చెమర్చి సాసరుకి అంటుకుపోయిందంటే అది కాఫీ పెట్టే చోటు కాదని అర్థం. ఒకే షెడ్డులో రెండు మూడు చోట్ల పెట్టి చూడండి. గోడ వారన ఒకలా, తలుపు దగ్గర ఇంకోలా ఉంటుంది. కళ్లుప్పుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి, దానిలో వేరే లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అంతకన్నా ముందే చెమరుస్తుంది.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అస్సలు పెట్టకూడదు

నేల మీద వద్దు. సిమెంటు గచ్చు అయినా కింద నుంచి నెమ్ము ఎక్కుతూనే ఉంటుంది. పడమటి గోడకి ఆనించి వద్దు, సాయంత్రం దాకా ఆ గోడ కాగుతుంది. రేకులకి దగ్గరగా దూలం మీద కూడా వద్దు. రోహిణి కార్తెలో రేకు కింద ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. చలికాలం తెల్లవారుజామున అదే రేకు లోపలి వైపు చెమ్మ పట్టి చుక్కలు చుక్కలుగా కారుతుంది, ఆ చుక్క పడేది కచ్చితంగా మీ డబ్బా మూత మీదే. కిటికీలో ఎండ పడే చోటు, పొయ్యి పక్కన, మోటారు స్టార్టర్ పెట్టె మీద, ఇవన్నీ కూడా లెక్కలోంచి తీసేయండి.

మిగిలేది ఛాతీ ఎత్తులో, తూర్పు గోడకో ఉత్తరం గోడకో ఉన్న గూడు గానీ చెక్క అలమర గానీ. గోడకి డబ్బా తగలకుండా రెండు మూడు వేళ్ల సందు వదలండి. గూడు లేకపోతే దూలానికి ఉట్టి కట్టి వేలాడదీయండి. ఉట్టి ఇప్పుడు ఎవరూ కట్టడం లేదు గానీ షెడ్డుకి అంత పనికొచ్చేది ఇంకోటి లేదు, ఎలుకకి అంత సులువుగా అందదు, గాలి ఆడుతుంది, గోడ చెమ్మ తగలదు. కాకపోతే రేకుకి మరీ దగ్గరగా కాకుండా తాడు కాస్త పొడుగ్గా వదలాలి.

ఇక్కడ కాఫీ కన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది, దీన్ని దాటేసి చదవకండి. మన షెడ్లలో పురుగుమందులు, కలుపు మందులు, యూరియా బస్తాలు, డీజిల్ క్యాన్, స్ప్రేయర్ అన్నీ ఒకే గదిలో ఉంటాయి. మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ఏ రంగు గుర్తు ఉన్నా సరే, అది ఉన్న అలమరలో తినేది తాగేది ఏదీ పెట్టకూడదు. ఆకుపచ్చ గుర్తు ఉంటే ప్రమాదం లేదని కొందరు అనుకుంటారు, అది మిగతావాటితో పోలిస్తే తక్కువ విషం అని మాత్రమే. మందులు తాళం వేసే పెట్టెలో వేరే చోట పెట్టాలి, కాఫీ సరంజామా షెడ్డుకి ఆ చివర ఉండాలి. కుదరదు అంటారా, అప్పుడు కాఫీ షెడ్డులో వద్దు, సంచిలో వేసుకుని ఇంటి నుంచి తెచ్చుకుని సాయంత్రం తీసుకుపోండి. ఎలుకల కోసమో ధాన్యం పురుగు కోసమో సెల్ఫాస్ లాంటి బిళ్లలు షెడ్డులో దాచి ఉంటే ఇంకా మాటే లేదు. వాటికి చెమ్మ తగిలితే ప్రాణం తీసే గ్యాసు వస్తుంది, అక్కడ కాఫీ కాదు కదా, మీరు కూర్చోవడం కూడా తగదు.

విషం సంగతి అలా ఉంచినా వాసన సంగతి ఉంది. కాఫీ పొడి పక్కనున్న వాసనని ఇట్టే పట్టుకుంటుంది. డీజిల్, ఎండు చేపలు, వేపనూనె పక్కన పెట్టిన పొడితో కాఫీ కలిపితే మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది.

సీసా, మూత

గాజు సీసాయే మంచిది. ప్లాస్టిక్ డబ్బాని ఎలుక కొరుకుతుంది, వాసన కూడా లోపలికి దిగుతుంది. స్టీలు డబ్బాని ఎలుక ఏమీ చేయలేదు, అది నిజమే, కానీ మన వంటింటి స్టీలు డబ్బా మూత తీయడానికి ఎంత బిగువుగా ఉన్నా గాలిని ఆపదు. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు గుడ్డ కట్టి పెట్టేవాళ్లని కూడా చూశాను. గుడ్డ దుమ్ముని ఆపుతుంది, చెమ్మని ఆపదు. ఆవకాయకి ఉప్పూ నూనే కాపలా ఉంటాయి, కాఫీకి ఎవరున్నారు?

మరమూత ఉన్న గాజు సీసా, మూత లోపల రబ్బరు గానీ మెత్తటి రింగు గానీ ఉండాలి. కాఫీ వచ్చిన సీసానే వాడుతుంటే దాని మూతి మీద అతికించి ఉండే కాగితం రేకుని పూర్తిగా గీకి తీసేయండి. చాలామంది మధ్యలో స్పూనుతో చిల్లు పొడిచి, అంచుల్లో ముక్కలు అలాగే వదిలేస్తారు. ఆ ముక్కల మీద మూత ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు.

మూత గాలి ఆపుతుందో లేదో తేల్చుకోవడానికి ఖాళీ సీసాకి మూత బిగించి, చేయి పెట్టగలిగినంత వేడిగా ఉన్న నీళ్ల బకెట్‌లో తలకిందులుగా ముంచి కాసేపు పట్టుకోండి. లోపలి గాలి వేడెక్కి బయటికి తోసుకొస్తుంది, మూత అంచు నుంచి బుడగలు వరసగా వస్తున్నాయంటే లీకు ఉన్నట్టే. షెడ్డులో ప్రతిరోజూ జరిగేది ఇదే మరి. పగలు సీసా కాగి గాలి వదులుతుంది, రాత్రి చల్లబడి బయటి తడిగాలిని పీల్చుకుంటుంది. మూత వదులుగా ఉంటే మీరు ముట్టుకోకపోయినా పొడి ముద్ద అవడం ఇందుకే. లీకు చిన్నదైతే, సీసా మూతి మీద దళసరి పాలిథీన్ ముక్క ఒకటి పరిచి, దాని మీద మూత బిగించండి. చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది.

షెడ్డులో ఎంత ఉంచాలి

నా సలహా సూటిగా: పెద్ద సీసా ఇంట్లో, చిన్న సీసా షెడ్డులో. కప్పుకి సుమారు 2 గ్రాముల పొడి పడుతుంది అనుకోండి, 50 గ్రాములంటే పాతిక కప్పులు. తోటలో నలుగురు రెండు పూటలా తాగుతుంటే మూడు రోజులు వస్తుంది. మూడు రోజుల్లో అయిపోయే పొడికి గడ్డ కట్టే తీరిక ఎక్కడిది? అదే 200 గ్రాముల సీసా పెట్టారనుకోండి, కప్పుకోసారి మూత తీస్తే అడుగున ఉన్న పొడి దాదాపు వంద సార్లు తీసిన మూత లోంచి వచ్చిన గాలిని భరించాలి. పెద్ద సీసాలో పొడి తగ్గుతున్నకొద్దీ పైన ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీ నిండా తడిగాలే.

ఆదివారం ఒక్కరోజు తోటకి వెళ్లేవాళ్లయితే సీసా ఆలోచనే మానేయండి. కిరాణా కొట్టులో సరాలుగా వేలాడదీసే చిన్న సాచెట్లు కొనండి. గ్రాము లెక్కన చూస్తే కాస్త ఎక్కువ పడొచ్చు, కానీ ఆ రేకు ప్యాకింగ్ ముందు మనం చేసే ఏ ఏర్పాటూ నిలవదు. దేనికది విడిగా సీలు, తాగినప్పుడే చింపుతాం, మిగిలేదంటూ ఉండదు. సరాన్ని అలాగే మేకుకి తగిలించకుండా మూత ఉన్న స్టీలు డబ్బాలో వేయండి, ఎలుకలకీ బొద్దింకలకీ దొరక్కుండా ఉంటుంది. చించిన సాచెట్‌లో సగం మిగిల్చి మడతపెట్టి దాచే అలవాటు ఉంటే మానుకోండి.

ఇంటి నుంచి చిన్న సీసా నింపుకెళ్లేటప్పుడు దాన్ని కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, చల్లారాక పొడి పోయాలి. మూత మరల్లో నీటి చుక్క దాక్కుంటుంది, గుడ్డ మొన పెట్టి తుడవండి. నింపే పని వానపడుతున్నప్పుడు పెట్టుకోకండి, ఎండ పొడ ఉన్న పూట చూసుకుని నింపండి. ఇంట్లో ఉన్న పెద్ద సీసాని ఫ్రిజ్‌లో పెడితే బాగుంటుందని చాలామంది అంటారు. నాకు నచ్చని సలహా అది. చల్లటి సీసాని బయటికి తీసి మూత తెరిస్తే వెచ్చటి గాలిలోని చెమ్మ లోపలి గోడకీ పొడికీ పడుతుంది, రోజూ తీసి పెట్టే సీసాకి అది మంచి కన్నా చెడే ఎక్కువ.

సిలికా జెల్ పొట్లాలు

వాడొచ్చు, కానీ కొన్ని షరతులు. చెప్పుల డబ్బాలోనో బ్యాగులోనో వచ్చిన పొట్లాలు వద్దు, అవి మీ దగ్గరికి వచ్చేసరికే చెమ్మ తాగి నిండిపోయి ఉంటాయి, పైగా తిండి దగ్గర పెట్టడానికి చేసినవి కావు. ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్న తెల్ల పొట్లాలు కొనండి. రంగు మారే నీలం గింజలు అసలే వద్దు, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం.

పొట్లాన్ని పొడిలో పడేయకండి. కాఫీ చిన్న సీసాని రబ్బరు అంచు ఉన్న ఇంకో పెద్ద డబ్బాలో పెట్టి, ఆ రెండింటి మధ్య ఖాళీలో రెండు మూడు పొట్లాలు వేయండి. పొట్లం చిరిగినా పొడికి ఏమీ కాదు, సీసా పీల్చుకునే గాలి కూడా పొడిగాలే అవుతుంది. వానాకాలంలో ఎలాగూ షెడ్డులో పెట్టాలి అనుకుంటే ఇదే అన్నిటికన్నా గట్టి ఏర్పాటు. పొట్లాలు శాశ్వతం కాదు, డబ్బా రోజూ తీస్తుంటే త్వరగానే నిండిపోతాయి. ఎండలో పెడితే మళ్లీ పనిచేస్తాయి అని చెప్తారు గానీ లోపలి చెమ్మ వదలాలంటే 120 డిగ్రీల దగ్గర వేడి కావాలి, మన ఎండకి అంత రాదు. పొట్లం కవరు ఆ వేడికి తట్టుకుంటుందో లేదో తెలియకుండా ఓవెన్‌లో పెట్టడం కన్నా కొత్తవి మార్చేయడమే మేలు.

సిలికా దొరకని చోట బియ్యం వేయించి, చల్లార్చి, పలచటి గుడ్డలో మూటకట్టి అదే ఖాళీలో పెట్టొచ్చు. ఉప్పు డబ్బాలో బియ్యం గింజలు వేసే అలవాటు మనకి ఉన్నదే కదా. సిలికా అంత పని చేయదు, వేయించకపోతే అసలే చేయదు. సున్నం పొట్లాలు మాత్రం పెట్టకండి, నీళ్లు తగిలితే అది మరుగుతుంది, కళ్లకి ప్రమాదం.

కలిపేటప్పుడు

పొగలు కక్కే గ్లాసు మీద సీసా వంచి పొడి పోయడం ఒక్కటి మానేస్తే చాలు, మిగతావి ఎన్ని తప్పినా పరవాలేదు అంటాను. ఆ ఆవిరి నేరుగా సీసా మూతిలోకి వెళ్తుంది, మూత పెట్టేస్తాం, అది లోపలే ఉండిపోతుంది. వరస ఇలా ఉండాలి: నీళ్లు పొయ్యి మీద ఉండగానే గ్లాసుల్లోకి పొడి వేసేయండి, మూత బిగించేయండి, సీసాని దాని చోట పెట్టేయండి, ఆ తర్వాతే నీళ్లు దించండి. పది మందికి కలపాల్సి వచ్చినా పది గ్లాసులు వరసగా పెట్టి ఒకేసారి మూత తీసి పని ముగించాలి. ఒక్కో గ్లాసుకీ తీసి పెట్టి తీసి పెట్టి చేస్తే అన్నిసార్లూ కొత్త గాలి లోపలికి.

కాఫీకి వేరే స్పూను ఉంచండి, దాన్ని సీసాలో వదిలేయకుండా పక్కన పొడిగా పెట్టండి. చక్కెర కలిపిన స్పూను, అప్పుడే కడిగిన స్పూను రెండూ దాని దగ్గరికి రాకూడదు. తోటలో చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, తుడుచుకుని పట్టుకోండి. పనికి వచ్చినవాళ్లు తలా ఓసారి కలుపుకునే చోటైతే ఒక్కరికే ఆ పని అప్పజెప్పండి, లేదా ఆ రోజుకి సరిపడా పొడి చిన్న డబ్బీలో తీసి బయట పెట్టి అసలు సీసా లోపలే ఉంచేయండి.

అప్పటికే గడ్డ కట్టేస్తే

పారేయడానికి తొందరపడకండి, ముందు వాసన చూడండి. గట్టిగా ఉండి, కాఫీ వాసనే వస్తూ, ఎక్కడా తెలుపు, ఆకుపచ్చ బూజు లేకపోతే తాగొచ్చు, రుచి కాస్త తగ్గి ఉంటుంది అంతే. పొడిగా ఉన్న కత్తి మొనతో పెచ్చులుగా లేపి వేడినీళ్లలో వేయండి, కరిగిపోతుంది. మొత్తం రాయి అయిపోతే సీసాలోనే కాస్త వేడినీళ్లు పోసి చిక్కటి డికాక్షన్ చేసి ఆ పూటే వాడేయండి. గాజు చల్లగా ఉన్నప్పుడు మరుగుతున్న నీళ్లు పోయకండి, పగులుతుంది. గడ్డని ఎండలో ఆరబెడితే మళ్లీ పొడి అవుతుందేమో అని చూడొద్దు, ఉన్న వాసన కూడా పోతుంది.

ముద్దగా, తారులా సాగుతూ, ముక్కిపోయిన వాసన వేస్తుంటే మాత్రం మొత్తం పారేయండి. బూజు ఒక మూలే ఉంది కదా అని పైది గీకేసి కింది పొడి వాడటం వద్దు.

పాలపొడి, చక్కెర

పాలపొడి కాఫీ కన్నా నాజూకు. చెమ్మకి ఉండలు కడుతుంది, వేడికి దానిలో కొవ్వు చెడి మక్కు వాసన వస్తుంది. దానికీ చిన్న ప్యాకెట్లే మేలు. పాలపొడీ చక్కెరా కలిపి వచ్చే త్రీ ఇన్ వన్ రకమైతే చీమలు కూడా వస్తాయి, సాచెట్లు తప్ప విడిగా డబ్బాలో పోసి పెట్టకండి. చక్కెర డబ్బాని కాఫీ పెట్టిన డబ్బాలో కాకుండా దూరంగా ఉంచండి, చీమల బారు దాని వెంటే వస్తుంది.

ఇక ఖాళీ అయిన సీసాలు. షెడ్డులో వదిలేయకండి, ఇంటికి తెచ్చేయండి. గాజు సీసా మంచి మూతతో కనిపిస్తే ఎవరో ఒకరు మిగిలిన పురుగుమందు దాంట్లో పోసి పెడతారు, కాఫీ లేబుల్ అలాగే ఉంటుంది, మందు రంగు కూడా కాఫీ రంగుకి దగ్గరగా ఉందంటే చూసినవాళ్లు మోసపోతారు, పిల్లలైతే మరీ. వాడుకలో ఉన్న సీసా మీద మార్కర్‌తో కాఫీ అనీ, నింపిన తేదీ ఏదనీ పెద్ద అక్షరాలతో రాయండి, చదువు రానివాళ్లు ఉంటే కప్పు బొమ్మ గీయండి. మందు డబ్బాలు కడిగి కాఫీకో చక్కెరకో వాడటం మాత్రం ఎన్నిసార్లు కడిగినా కుదరదు, ఖాళీ అవగానే వాటికి చిల్లు పొడిచేయండి.